పదోది

ఇరవై ఆరో రోజు.
అనుముల చేలోకి పాత సైకిలు రిమ్ము విసిరినాను.
కళ్ళు మూసుకుని విసరాలంట.
చూసి విసిరితే చెయ్యి అబద్ధం చెప్తాదంట,
మనసుకు కావాల్సిన చోటికే పోతాదంట.

రైతుసేవా కేంద్రం పిల్లోడు చెప్పిన లెక్క ఇది:
ఐదు తూర్లు విసురు,
రిమ్ము లోపల కసువెంతో ఎంచు,
మొత్తం యాభై అయితే కూలోళ్ళను పిలువు,
తక్కువైతే ఇంటికి పో.

నా లెక్క నేనూ ఏసుకున్నా, అగ్గిపెట్టె మింద.
పన్నెండు మంది, మనిషికి మూడు నూర్లు.
కల్యాణదుర్గం మండీలో అనుములు కేజీ అరవై.
అంటే ఈ కసువు నా నోటికాడ నుంచి
అరవై కేజీల కన్నా ఎక్కువ లాక్కోవాల.
అంతకు తక్కువ దొంగతనానికి
శిక్ష లేదు.

మా నాయనకు ఈ లెక్క తెలీదు.
గట్టు మింద పోయేటోడు చూసి నవ్వుతాడని
గడ్డిపోచ లేకుండా దోకించేవాడు.
ఆ నవ్వు ఖరీదెంతో
అప్పుల పుస్తకంలో యాడా రాయలేదు,
మొత్తంలో మాత్రం కలిసింది.

మొదటి రిమ్ములో పదకొండు: తుంగే ఎక్కువ.
రెండోదాంట్లో ఏడు.
మూడోది పద్నాలుగు, పల్లేరు కాళ్ళకు గుచ్చుకుని
తన్ను తానే ఎంచుకునింది.
నాలుగోది ఎనిమిది.

వాన పడి పన్నెండు దినాలు.
ఎర్రమన్ను లోపల తడి ఒక్క చెంబుడు,
తాగే నోళ్ళు ఎన్నో.
పైన చూస్తే అనుము జానెడు లేచి
గెలిచినట్టే కనపడతాది.
కింద ఏం జరుగుతాందో
గరిక చెప్పదు.
ఇంకో పది పదిహేను దినాలు ఆగితే చాలు,
అనుము తీగలు సాళ్ళను మూసేస్తాయి,
ఆ నీడలో పుట్టిన కసువు పాలిపోయి చస్తాది.
ఆ పది పదిహేను దినాలే కదా ఎవురూ అప్పియ్యనిది.

మందు కొట్టు, ఎనిమిది నూర్లతో పోతాది,
అన్నాడు అంగడి ఈరన్న.
కొడితే గునుగు చస్తాది. చెంచలాకూ చస్తాది.
గట్టు మింద కూచున్న పన్నెండు మంది
ఒడిలో ఏం కట్టుకుని పోతారు సాయంత్రం?
నేనడగలేదు. ఈరన్న చెప్పలేదు.

వాళ్ళు పొద్దున్నుంచీ ఆడే ఉండారు.
పిలవకుండానే వచ్చినారు,
కొడవళ్ళు కొంగుల్లో చుట్టుకుని.
నా నోటి దిక్కు కాదు,
నా వేలి దిక్కు చూస్తా ఉండారు.

ఐదో రిమ్ము.
ఒకటి, రెండు... వయ్యారిభామ మూడు...
తొమ్మిది.
మళ్ళా ఎంచినా.
తొమ్మిది.

మొత్తం నలభై తొమ్మిది.

తిప్పక్క లేచి వచ్చింది.
ఏమీ అనలేదు.
రిమ్ము పక్కన గొంతుక్కూచుని
అనుము మొదట్లో ఆకును
జడ పాయ తీసినట్టు తీసి చూపించింది.
గునుగు మొలక.
రెండాకులు. ఇంకా విత్తు టోపీ కూడా జారలేదు.

"ఇదిగో, పదోది."

"ఇది కసువు ఎట్లయితాది తిప్పక్కా,
నిన్న రాత్రి పుట్టింది!"

"పుట్టినాక లెక్కే కదప్పా."

నేను ఆ మొలక దిక్కే చూస్తాండా.
దాని నీళ్ళ దప్పి ఎంత? ఒక చుక్క.
అది ఎత్తుకుపోయే అనుములు ఎన్ని?
ఒక కాయ? కాయలో ఒక గింజ?
పదకొండు జతల కండ్లు గట్టు మింద నుంచి
దాన్నే నీళ్ళు పోసి పెంచుతాండాయి.

అగ్గిపెట్టె తిప్పి రాసినా:
యాభై.

పన్నెండు మందీ దిగినారు.
తిప్పక్క అన్నిటికన్నా ముందు
ఆ మొలకనే పీకింది,
మన్ను దులిపి,
పారెయ్యకుండా
ఒడిలో ఏసుకునింది.